బన్రాటీ కోటలో నిజంగా పాతది ఎంత?

ప్రశ్న: "వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి ఐర్లండ్‌లోని లిమరిక్ వెళ్తున్నాం. అందరూ బన్రాటీ కోట చూడమంటున్నారు. కానీ అది 1950ల్లో టూరిస్టుల కోసం తయారుచేసిన కోట అని ఒకచోట చదివాను. నిజమేనా? అంత డబ్బు పెట్టి చూడదగ్గదేనా? అక్కడ ఉంటున్నవాళ్లు ఎవరైనా చెప్పండి."

తప్పకుండా చూడండి. మీరు చదివిందాంట్లో కొంత నిజం ఉంది, కానీ అది పూర్తి నిజం కాదు. గోడలు పాతవే, పదిహేనో శతాబ్దానివి. పైకప్పు 1950ల్లో వేసింది. లోపల కనిపించే బల్లలు, భోషాణాలు, గోడలకు వేలాడే బొమ్మల తివాచీలు కూడా నిజంగా పాతవే, కానీ ఈ కోటవి కావు. వేరే వేరే చోట్ల నుంచి కొని తెచ్చి పెట్టినవి. ఈ మూడింటినీ కలిపేసి చూస్తే "ఇదంతా డూప్లికేట్" అనో, "అంతా అప్పటిదే" అనో అనిపిస్తుంది. రెండూ తప్పే.

నేను లిమరిక్‌లోనే ఉంటాను. పాత రాతి భవనాల మరమ్మతులు చూసే ఒక చిన్న సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా బన్రాటీ తీసుకెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. మా నాన్న తాపీమేస్త్రీ. ఆయన వచ్చినప్పుడు గైడు చెప్పే రాజుల కథలు వదిలేసి, రాళ్ల మధ్య దర్జులు చూస్తూ నిలబడిపోయారు. ఆయనతో వెళ్లాకే ఈ కోటను ఎలా చూడాలో నాకు బాగా తెలిసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చరిత్ర. రాటీ నది షానన్ నది ముఖద్వారంలో కలిసే చోట ఉంది బన్రాటీ. ఆ చోటు ఎవరి చేతిలో ఉంటే లిమరిక్ రేవుకు వచ్చే పడవల మీద వాళ్ల కన్ను ఉంటుంది. అందుకే ఇక్కడ ఒకదాని తర్వాత ఒకటి కోటలు లేచాయి, కూలాయి. ఇప్పుడు మనం చూసేది నాలుగోది అంటారు. పదమూడో శతాబ్దం మధ్యలో, ఇంగ్లండ్ నుంచి దండెత్తి వచ్చిన నార్మన్లు మట్టిదిబ్బ మీద చెక్కకోట కట్టారు. 1270ల్లో థామస్ డి క్లేర్ రాతికోట కట్టించాడు, దాని చుట్టూ ఒక ఊరు కూడా వెలిసింది. 1318 మేలో డిసర్ట్ ఓడే అనే చోట జరిగిన యుద్ధంలో అతని కొడుకు రిచర్డ్ డి క్లేర్‌ను స్థానిక రాజవంశమైన ఓబ్రయన్ల వర్గం చంపేసింది. ఆ కబురు అందగానే రిచర్డ్ భార్య కోటకూ ఊరికీ నిప్పుపెట్టించి పడవెక్కి వెళ్లిపోయిందని ఆనాటి గేలిక్ (అంటే ఐర్లండ్ సొంత భాషలోని) కథనం చెబుతుంది. ఆ తర్వాత మళ్లీ కట్టారు, 1332లో మళ్లీ కూల్చారు. 1353లో ఇంగ్లండ్ రాజు తరఫున సర్ థామస్ రోక్‌బీ ఇంకోటి కట్టించాడు, అదీ ఎక్కువకాలం వాళ్ల చేతిలో నిలవలేదు.

ఇప్పుడున్న కోటను 1425 ప్రాంతంలో మొదలుపెట్టింది మెక్‌నమారా అనే స్థానిక గేలిక్ కుటుంబం. అంటే ఇది ఆక్రమించుకోవడానికి వచ్చినవాళ్ల కోట కాదు, ఇక్కడివాళ్లు తమకోసం కట్టుకున్న కోట. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ శతాబ్దం చివరికల్లా ఇది ఓబ్రయన్ల చేతికి వచ్చింది. ఐర్లండ్‌కు అధిరాజుగా ఏలిన బ్రయన్ బోరూ వంశమే ఈ ఓబ్రయన్లు. 1543లో మురో ఓబ్రయన్ ఎనిమిదో హెన్రీకి లొంగి, గేలిక్ రాజు అనే హోదా వదులుకుని "ఎర్ల్ ఆఫ్ థామండ్" బిరుదు తీసుకున్నాడు. అతని వారసుల్లో నాలుగో ఎర్ల్ డొనో, 1624లో చనిపోయాడు, ఈ కోటను నివాసంగా చేసుకుని బాగా మార్పించాడు. పైకప్పుకు సీసం రేకులు, లోపల గచ్చుతో చేసిన పూలతీగల అలంకారాలు, ఇవన్నీ ఆయన కాలం నాటివి. ఆ గచ్చుపని ముక్కలు కొన్ని ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. వెళ్లినప్పుడు తల పైకెత్తి వెతకండి.

1646 ఈ కోటకు పెద్ద సంవత్సరం. అప్పుడు ఐర్లండ్, ఇంగ్లండ్ రెండూ అంతర్యుద్ధంలో ఉన్నాయి. ఆరో ఎర్ల్ బార్నబస్ ఇంగ్లిష్ పార్లమెంటు సైన్యాన్ని కోటలోకి రానిచ్చాడు. వాళ్లకు అండగా షానన్‌లో లంగరు వేసిన నౌకల అధికారి విలియం పెన్. తర్వాతి కాలంలో అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ ఈయన కొడుకే. ఐరిష్ కాథలిక్ సేన వారాల తరబడి ముట్టడించి, జులైలో కోటను పట్టుకుంది. పోప్ రాయబారిగా వచ్చిన ఇటలీ మతగురువు రినుచ్చిని అప్పుడు అక్కడికి వెళ్లాడు. ఇక్కడి భవనం, చెరువులు, మూడువేల జింకలున్న వనం లాంటివి ఇటలీలో కూడా లేవని ఆయన పేరుతో చెప్పే మాట ఒకటి ఉంది. ఇప్పుడు ఆ వనం జాడ లేదు. కోట పక్కనే హైవే వెళ్తోంది. కానీ పైన బురుజు ఎక్కి నది వైపు చూస్తే ఆయన ఎందుకంత మురిసిపోయాడో కొంత అర్థమవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో థామండ్ ఎర్ల్‌లు కోటను వదిలేసుకున్నారు. తర్వాత స్టడర్ట్ కుటుంబం చేతికి వచ్చింది. వాళ్లు కొంతకాలం ఉండి, చలికీ గాలికీ తట్టుకోలేని ఈ రాతి గదులకన్నా సుఖంగా ఉంటుందని 1804లో దగ్గర్లోనే బన్రాటీ హౌస్ కట్టుకుని అందులోకి మారారు. కోట కొన్నాళ్లు పోలీసు బ్యారక్‌గా పనిచేసింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పెద్ద హాలు పైకప్పు కూలిపోయింది.

అసలు ప్రమాదం అక్కడ మొదలైంది. నా ఉద్యోగంలో రోజూ చూసేది ఇదే కాబట్టి ఈ భాగం కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇలాంటి కోట గోడ ఒకే రాయి కాదు. లోపల ఒక వరుస, బయట ఒక వరుస రాళ్లు పేర్చి, మధ్య ఖాళీని చిన్నరాళ్లతో, సున్నంతో నింపుతారు. మీటర్ల మందం ఉంటుంది. చూడటానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ పైకప్పు పోయాక గోడ తల తెరుచుకుంటుంది. ఐర్లండ్ పశ్చిమతీరంలో వాన ఎలా ఉంటుందో మీ అమ్మాయిని అడగండి. ఆ నీరు నేరుగా గోడ మధ్యలోకి దిగుతుంది. సున్నం కొద్దికొద్దిగా కరిగి కారిపోతుంది. ఐవీ తీగ పగుళ్లలో వేళ్లు దించుతుంది. చలికాలంలో నీరు గడ్డకట్టినప్పుడల్లా పగులు ఇంకాస్త తెరుచుకుంటుంది. బయటికి గోడ గట్టిగానే కనిపిస్తూ ఉండగా, ఒకరోజు బయటి వరుస పొట్ట ఉబ్బి మొత్తంగా జారిపోతుంది. ఈ దేశంలో పొలాల మధ్య సగం కూలిన టవర్ హౌసులు, అంటే బురుజులా ఎత్తుగా కట్టిన చిన్న కోట ఇళ్లు, మీకు లెక్కలేనన్ని కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి శత్రువుల కన్నా వాన చేసిన నష్టమే ఎక్కువ.

కాబట్టి బన్రాటీకి పైకప్పు తిరిగి వేయడం అలంకారం కోసం చేసిన పని కాదు. ఆ గోడలు ఇప్పటికీ నిలబడి ఉండటానికి పెద్ద కారణం అదే.

ఆ పని చేయించింది లార్డ్ గార్ట్. ఏడో వైకౌంట్ గార్ట్, అసలు పేరు స్టాండిష్ వెరెకర్. ఆయన కుటుంబానికి లిమరిక్, గాల్వే ప్రాంతాలతో పాత సంబంధం ఉంది. పాత వస్తువులు, చిత్రాలు సేకరించే అలవాటున్న మనిషి. 1950ల్లో కోటను కొన్నాడు. ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖ సాయం చేసింది. ఆ శాఖ తరఫున పెర్సీ లక్లర్క్ కట్టడం పని చూశాడు, మధ్యయుగపు కళావస్తువులు బాగా తెలిసిన జాన్ హంట్ లోపలి సామాను సమకూర్చడంలో తోడయ్యాడు. 1960లో కోటను జనం కోసం తెరిచారు.

పైకప్పు ఎలా ఉండాలి? పాతది కూలిపోయింది. దాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ వేయడానికి సరిపడా ఆధారాలు లేవు. అందుకని వాళ్లు డబ్లిన్ విమానాశ్రయం దగ్గరున్న డన్సోగ్లీ కోట వైపు చూశారు. పదిహేనో శతాబ్దంలో ప్లంకెట్ కుటుంబం కట్టిన ఆ కోటకు అప్పటి ఓక్ దూలాల పైకప్పు అలాగే మిగిలి ఉంది. ఐర్లండ్‌లో అంత పాత చెక్క పైకప్పు నిలిచి ఉండటం చాలా అరుదు. దాన్ని నమూనాగా పెట్టుకుని బన్రాటీ పెద్ద హాలుకు ఓక్ పైకప్పు వేశారు. అంటే మీరు హాల్లో నిలబడి పైకి చూస్తే కనిపించేది ఇరవయ్యో శతాబ్దపు వడ్రంగి పని, పదిహేనో శతాబ్దపు పద్ధతి. సొంత ఊహతో ఏదో ఒకటి గీయకుండా, అదే దేశంలో దాదాపు అదే కాలానికి చెందిన నిజమైన పైకప్పును చూసి చేయడం నాకు చాలా నిజాయితీగా అనిపిస్తుంది. మా నాన్న ఆ దూలాల కింద చాలాసేపు నిలబడి, "చేసినవాడు పని తెలిసినవాడు" అన్నారు. ఆయన నోట అంతకుమించిన పొగడ్త నేనెప్పుడూ వినలేదు.

నాకు బాధ కలిగించేది ఇంకోటి ఉంది. ఉత్తరం వైపు రెండు బురుజుల మధ్య, కోట కట్టిన చాలా కాలానికి ఎవరో ఒక ఇటుక ఇల్లు కట్టుకున్నారు. పాత చిత్రాల్లో అది స్పష్టంగా కనిపిస్తుంది. కోట గోడల మధ్య ఇరుక్కున్న కిటికీల ఇల్లు. 1950ల్లో దాన్ని తీసేశారు. వాళ్ల ఉద్దేశం కోటను 1600 ప్రాంతంలో, అంటే గొప్ప ఎర్ల్ డొనో కాలంలో ఎలా ఉండేదో అలా చూపించడం. సామాను కూడా ఎక్కువగా ఆ కాలానికి తగ్గట్టే ఎంచారు. అప్పట్లో అది మామూలు ఆలోచనే. కానీ ఈ రోజు అదే పని మా చేతికి వస్తే ఆ ఇటుక ఇంటిని అంత సులువుగా తీయనివ్వరు, తీయాలని మేమూ అడగం. అక్కడా మనుషులు బతికారు. స్టడర్ట్‌ల కాలం, పోలీసుల కాలం, పైకప్పు లేని కాలం అన్నీ ఆ కోట చరిత్రే. ఇప్పుడు లోపల తిరిగే టూరిస్టుకు 1600 తర్వాత ఏమీ జరగనట్టే ఉంటుంది. కనీసం పాత చిత్రమొకటి పెద్దదిగా చేసి ఆ ఉత్తరపు గోడ దగ్గర పెడితే బాగుంటుందని నా కోరిక.

మరి టూరిస్టుల కోసమే అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? దానికీ కారణం ఉంది. కోటకు కొద్ది కిలోమీటర్లలోనే షానన్ విమానాశ్రయం ఉంది. ఒకప్పుడు అట్లాంటిక్ దాటే విమానాలు చాలావరకు ఇంధనం కోసం అక్కడ దిగేవి. ప్రపంచంలో మొదటి డ్యూటీ ఫ్రీ షాపు 1947లో అక్కడే తెరిచారు. జెట్ విమానాలు వచ్చాక దిగాల్సిన అవసరం తగ్గిపోయింది, ఆ ప్రాంతమంతా ఉద్యోగాలు పోతాయన్న టెన్షన్‌లో పడింది. ఆ డ్యూటీ ఫ్రీ ఆలోచన చేసిన బ్రెండన్ ఓరీగన్, ఆయన బృందం ప్రయాణికులు ఇక్కడ దిగడానికి కొత్త కారణాలు వెతికారు. 1959లో ఒక అభివృద్ధి సంస్థ పెట్టారు, పక్కనే పరిశ్రమల కోసం ప్రత్యేక మండలం వచ్చింది. 1963 నుంచి బన్రాటీలో టూరిస్టులకు మధ్యయుగపు పద్ధతిలో రాత్రి విందులు మొదలయ్యాయి. ఆ విందుల వల్లే కోట పేరు అమెరికా దాకా పాకింది. కోట పక్కన ఫోక్ పార్క్ కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. రన్‌వే పొడిగించేటప్పుడు అడ్డొచ్చిన ఒక రైతు ఇంటిని కూల్చకుండా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ పార్కుకు మొదలు ఆ ఇల్లే. ఇప్పుడక్కడ పూరిళ్లు, బడి, కమ్మరి కొలిమి, ఊరి వీధి అన్నీ ఉన్నాయి. పిల్లలుంటే వాళ్లకు కోటకన్నా అదే నచ్చుతుంది.

అంటే కోటను బాగుచేసింది గార్ట్ అభిరుచి, దాన్ని ఇన్నేళ్లు పోషించింది టూరిస్టుల డబ్బు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. జనం రాని కోటకు పైకప్పు రిపేరుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో నాకు ఉద్యోగరీత్యా తెలుసు. చాలావాటికి రాదు.

ఇక గోడల్ని ఎలా చూడాలో చెబుతాను. వంతెన దాటి లోపలికి వచ్చేటప్పుడు వాకిలి పైన రంధ్రం చూడండి, దూసుకొచ్చే శత్రువుల మీద పైనుంచి రాళ్లు, మరిగే నీళ్లు పోయడానికి. తర్వాత వచ్చేది మెయిన్ గార్డ్ అనే కమాను కప్పు గది. సైనికులు, పనివాళ్లు తినీ పడుకునీ గడిపింది ఇక్కడే. రాత్రి విందు జరిగేది కూడా ఎక్కువగా ఇందులోనే. దాని పైన పెద్ద హాలు, ఎర్ల్ న్యాయం చెప్పిన చోటు. అక్కడ గోడకు తగిలించిన పెద్ద కొమ్ములు వేల ఏళ్ల కిందటే అంతరించిపోయిన ఐరిష్ ఎల్క్ అనే దుప్పివి. ఇక్కడి బురద నేలల్లో ఆ కొమ్ములు దొరుకుతుంటాయి.

కమాను కప్పులంటే మా నాన్నకు ఇంకో విషయం గుర్తు. లిమరిక్‌కు దగ్గర్లో జనం పెద్దగా వెళ్లని ఒక శిథిల టవర్ హౌస్‌కు ఆయన్ని తీసుకెళ్లాను. కప్పు అడుగున సున్నంలో అల్లిక అచ్చులు కనిపించాయి. ఆయన చూడగానే చెప్పారు: తడికలు వంచి సెంట్రింగు పెట్టి, పైన సున్నం, రాళ్లు వేసి, ఆరాక తడిక తీసేశారని. ఇక్కడి పురావస్తు నిపుణులు చెప్పేదీ సరిగ్గా అదే. ఈ కాలపు ఐరిష్ కోటల ప్రత్యేక గుర్తుల్లో అదొకటి. ఐదారువందల ఏళ్ల కిందట ఎవరో అల్లిన తడిక గీతలు వేలితో తాకి చూడొచ్చు. గోడల్లో వరుసగా కనిపించే చదరపు చిల్లులు కూడా ఆయన కంటే ముందు నేను గుర్తుపట్టలేదు. పరంజా కర్రలు దూర్చిన చిల్లులవి. కోటల్లో తాపీపనివాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు, వాళ్ల జాడలు మాత్రం ఇలా మిగిలాయి.

సున్నం గురించి ఒక మాట. మన గానుగ సున్నం లాంటిదే ఇక్కడా పాత గోడల ప్రాణం. ఇరవయ్యో శతాబ్దంలో చాలాచోట్ల గట్టిగా ఉంటుందని దర్జులకు సిమెంటు పెట్టారు. సిమెంటు తడిని బయటికి వదలదు. నీరు లోపలే ఉండి పక్కనున్న రాయిని, సున్నాన్ని తినేస్తుంది. మేము పనిచేసిన ఒక పాత ఇంటి గోడకు ఎప్పుడో వేసిన సిమెంటు ప్లాస్టరు తీయిస్తే, వెనకున్న సున్నం పెరుగులా చేతికి వచ్చింది. ఇప్పుడు రక్షిత కట్టడాల్లో సున్నమే వాడతారు. కానీ సున్నం పనికి ఇక్కడి చలి పడదు. మంచు కురిసే నెలల్లో పని ఆపేస్తారు, కొత్తగా వేసిన దర్జుల మీద గోనెపట్టాలు కప్పుతారు. మనవైపు ఎండకు ఆరిపోకుండా గోనెలు తడుపుతాం కదా, ఇక్కడ చలి నుంచి కాపాడటానికి కూడా అవే గోనెలు.

మీకు ఇంకో రోజు దొరికితే, డబ్లిన్ వైపు వెళ్లినప్పుడు మీత్ కౌంటీలోని ట్రిమ్ కోట చూడండి. బన్రాటీకి పూర్తిగా భిన్నమైన దారి అక్కడ కనిపిస్తుంది. 1172లో మీత్ ప్రాంతాన్ని రెండో హెన్రీ నుంచి పొందిన హ్యూ డి లేసీ మొదలుపెట్టిన కోట అది. బోయిన్ నది ఒడ్డున ఉంటుంది, ఐర్లండ్‌లో నార్మన్లు కట్టినవాటిలో అదే పెద్దది. మధ్యలోని ప్రధాన కట్టడానికి ఇరవై ముఖాలు ఉంటాయి. 1993లో ప్రభుత్వం కొని, గోడలను గట్టిపరిచి, వాన పడకుండా పైన రక్షణ కప్పు, లోపల నడిచే వంతెనలు పెట్టి 2000లో తెరిచింది. సామాను పెట్టలేదు, గదులు తిరిగి కట్టలేదు. శిథిలాన్ని శిథిలంగానే కాపాడారు. ఏది పాతదో ఏది కొత్తదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. వృత్తిపరంగా నాకు ట్రిమ్ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. కానీ మా అమ్మకు ట్రిమ్‌లో ఏమీ అర్థం కాలేదు. బన్రాటీలో మాత్రం మంచం, పొయ్యి, తినే బల్ల చూసి "ఇంత చలిలో ఎలా ఉన్నారో పాపం" అంటూ ప్రతి గదిలో ఆగారు. పాతకాలపు మనుషుల గురించి ఆమెకు ఆ దిగులు కలిగించింది బన్రాటీయే. అందుకే ఏది సరైన పద్ధతి అని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే అని చెప్పలేను.

లిమరిక్ ఊళ్లో హంట్ మ్యూజియం ఉంది, పాత కస్టమ్ హౌస్‌లో. పైన చెప్పిన జాన్ హంట్, ఆయన భార్య సేకరించిన వస్తువులే అక్కడున్నవి. బన్రాటీ చూశాక వెళితే ఆ మనిషి ఎంపిక ఎలాంటిదో తెలుస్తుంది.

ఇక వెళ్లే ఏర్పాట్లు. లిమరిక్ నుంచి షానన్ విమానాశ్రయం వైపు వెళ్లే బస్సులు బన్రాటీలో ఆగుతాయి, కారు అక్కర్లేదు. పొద్దున తెరవగానే వెళ్లండి, టూరిస్టు బస్సులు వచ్చాక మెట్ల మీద ఎదురెదురు పడాల్సి వస్తుంది. ఆ మెట్లు గుండ్రంగా తిరుగుతూ, చాలా ఇరుకుగా, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తులో ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే మెయిన్ గార్డ్ చూసి ఫోక్ పార్కుకు వెళ్లిపోవడం మంచిది. గట్టి బూట్లు వేసుకోండి, జులైలో వెళ్లినా స్వెటర్ పెట్టుకోండి. రాత్రి విందుకు వేరే టికెట్టు, ముందే బుక్ చేసుకోవాలి. మీరు శాకాహారులైతే బుకింగ్ సమయంలోనే చెప్పండి. పాటలు బాగా పాడతారు, కానీ చరిత్ర కోసం వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి కాదు. ఆ డబ్బుతో ఇద్దరు హాయిగా ట్రిమ్ వెళ్లి రావచ్చు.